స్టాండ్‌బై పోశం

సర్వర్ కొనడానికి సికింద్రాబాద్ పోయిన నాడు పోశం నడుం పట్టేసింది. ఇందులో వింతేమీ లేదు. దుకాణంలో రెండు సర్వర్లు చూపించారు. ఏది మంచిదో తేల్చుకోవడానికి ఆయన ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి చూశాడు. మొదటిది తేలిగ్గానే లేచింది. రెండోది నేల విడిచి జానెడు లేచాక అక్కడే ఆగింది, పోశం కూడా అక్కడే ఆగాడు. ఇద్దరు మనుషులు వచ్చి సర్వర్‌ను దించారు. పోశాన్ని నిటారుగా నిలబెట్టడం మాత్రం వాళ్ల వల్ల కాలేదు. ఆ తర్వాత బేరం, బిల్లు, వారంటీ కాగితం మీద సంతకం, అన్నీ ఆయన వంగే కానిచ్చాడు. ఇంత వినయం గల గిరాకీని యజమాని అంతకు ముందు చూడలేదు. తానూ కాస్త వంగి, రెండు చేతులూ జోడించి సాగనంపాడు.

ఎత్తి చూడడానికి కారణం ఉంది. పోశం ఇరవై ఆరేళ్లుగా రామగుండం దిక్కు బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. బాయిలో ఊరే నీళ్లను ఎత్తిపోసే పంపులన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. మంచి మోటారు బరువుగా ఉంటుంది, అంటే లోపల రాగితీగ నిండుగా చుట్టారన్నమాట. తేలిగ్గా ఉంటే వైండింగులో ఎవడో కక్కుర్తి పడ్డట్టు. ఈ లెక్క ఆయన్ని ఒక్కసారి కూడా మోసం చేయలేదు. సర్వర్‌లో రాగి ఎంత ఉంటుందన్న అనుమానం ఆయనకు రాలేదు, అడగవలసిన మనిషి ఆ రోజు కాలేజీలో పాఠం చెబుతోంది.

ఆ మనిషి ఆయన కూతురు సంధ్యారాణి. ఎంసీఏ చదివి గోదావరిఖనిలో ఒక డిగ్రీ కాలేజీలో చేరింది. బాయి కార్మికులకు మ్యూచువల్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం ఒక మాట. కొత్తగూడెంలో పనిచేసేవాడికి ఇటు రావాలని ఉంటుంది, ఇక్కడివాడికి అటు పోవాలని ఉంటుంది. ఇద్దరిదీ ఒకే గ్రేడై, ఇద్దరూ ఒప్పుకుని దరఖాస్తు పెట్టుకుంటే ఒకరి చోటికి ఒకరు మారవచ్చు. కష్టమంతా ఆ రెండోవాణ్ణి వెతికి పట్టుకోవడంలోనే. అంతవరకు క్యాంటీన్ గోడకు చీటీలు అంటించేవాళ్లు. చీటీ మీద చీటీ పడి, అడుగు చీటీవాడు ఉన్నచోటే రిటైరయ్యేవాడు. అది చూసి సంధ్యారాణి ‘జోడి’ అని ఒక వెబ్‌సైట్ తయారుచేసింది. పేరు, గ్రేడు, ఉన్న చోటు, కావలసిన చోటు, ఫోన్ నంబరు ఇస్తే చాలు, కుదిరే జతను సైటే వెతికి చూపిస్తుంది. పేరు చూసి పెళ్లి సంబంధాల సైటు అనుకుని రామకృష్ణాపూర్ నుంచి లస్మవ్వ అనే ముసలమ్మ బాయిలో పనిచేసే మనవడి జాతకం పంపింది. జాతకంతో పని లేకుండానే ఆ పిల్లవాడికి మందమర్రి నుంచి ఒక జనరల్ మజ్దూర్‌తో జోడి కుదిరింది.

సకల జనుల సమ్మెలో బాయిలు బందైన రోజుల్లో సైటు బలిసింది. పని లేని మనుషులు నెట్ సెంటర్లలో కూర్చుని, తమ చోటు తప్ప మిగతా చోట్లన్నీ వెతికారు. అప్పటికి సైటు ఎక్కడో దూరాన ఒక కంపెనీ కంప్యూటర్‌లో వందమందితో పాటు అద్దెకుండేది. మీవల్ల పక్కవాళ్లకు ఊపిరాడడం లేదు, ఖాళీ చేయండి అని ఆ కంపెనీ ఉత్తరం పంపింది. సొంత సర్వర్ కొని ఇంట్లోనే పెట్టుకోవాలని తీర్మానమైంది. ఆ తీర్మానానికి బలం ఒక్కటే. జిల్లా అంతా కోతలతో చీకట్లో ఉన్నా, వాళ్లుండే సెంటినరీ కాలనీ బాయి క్వార్టర్లలో కరెంటు పోదు.

బయలుదేరే ముందు రోజు సంధ్యారాణి తండ్రిని కూర్చోబెట్టి చెప్పింది.

“బాపూ, జర మంచిగ ఇను. బొగ్గు ఫేసు కాడ ఉంటది గదా, గది డిస్కు అనుకో. పైన బంకర్ల ఉంటది గదా, గది మెమొరీ. లారీ వచ్చినప్పుడల్లా లోపటికి పొయ్యి తవ్వుకొస్తమా?”

“ఎందుకు తవ్వుతం? బంకర్ల నుంచి ఇడుస్తం.”

“గంతే! మన పేర్లన్నీ బంకర్లనే వట్టాలె. గందుకని బంకర్ పెద్దగుండాలె. మోటరంటె ప్రాసెసర్ అనుకో, గది మామూలుదైనా నడుస్తది. డిస్కులు మాత్రం రెండుండాలె.”

“సమజైంది తియ్యి. ఇరవై ఆరేండ్ల సంది మిషన్లు సూస్తున్న. నాకు జెప్పుతున్నవా?”

సమజైంది అన్న మాట నిజమే. కానీ దుకాణంలో మొదటి సర్వర్‌కు బంకర్ పెద్దది, మోటారు ఒకటి. రెండోదానికి మోటార్లు రెండు, బంకర్ సగం. పోశం చేతులు రెండోదాని వైపే మొగ్గాయి. డిస్కుల సంగతి యజమానే ఎత్తాడు. లోపల రెండున్నాయి, ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది అన్నాడు.

“స్టాండ్‌బై అన్నట్టు,” అన్నాడు పోశం, వంగే.

“ఆఁ, అట్లాంటిదే సార్,” అన్నాడు యజమాని.

ఈ ‘అట్లాంటిదే’ దగ్గర ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే తర్వాత కథ ఉండేది కాదు.

ఇంటికి తెచ్చాక సంధ్యారాణి బిల్లు చదివింది. ఒకసారి చదివి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

“బాపూ, మెమొరీ సగమే ఉన్నదేంది?”

“ముందు బరువు సూడు బిడ్డా.”

ఆమె బరువు చూడలేదు. తండ్రి నడుముకు రాసిన మందు వాసన చూసి, ఏమీ అనకుండా బిల్లు మడిచి పెట్టింది. అరిచి ఉంటే పోశానికి బాగుండేది. మడిచిన బిల్లు కేసి చూడలేక, ఆయన బాయి నుంచి తెచ్చిన కన్వేయర్ బెల్టు ముక్కను కొలిచి కోసి సర్వర్ కింద పరిచాడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే క్వార్టర్లో గిన్నెలు కదిలేవి, సర్వర్ మాత్రం కదల్లేదు. ఆ బెల్టు ముక్క ఒక్కటే ఈ మొత్తం వ్యవహారంలో ఆయన చేసిన తప్పులేని ఎంపిక.

సైటు కొంచెం ఆయాసపడుతూనే నడిచింది. “ఇంక దీన్ని ఎవలు ముట్టద్దు,” అంది సంధ్యారాణి. తనను చూసి అనలేదు గానీ, ఇంట్లో ముట్టేవాళ్లు ఇంకెవరు? పోశం భార్య రమకు అది పెట్టే రొద అంటేనే పడదు.

అయినా బయట పోశం గొప్ప తగ్గలేదు. ఆయనతో పాటే పనిచేసే యిర్మియా సంగతే తీసుకోండి. అతని భార్య సువార్త కొత్తగూడెంలో టీచర్. పెళ్లయి ఏడేళ్లు, అందులో కలిసున్నవి సెలవులే. బిడ్డ తండ్రిని చూస్తే ‘ఆదివారం వచ్చిందా’ అని అడిగేది. రెండేళ్లుగా మ్యూచువల్ కోసం చూస్తున్నాడు. ఫిబ్రవరి మొదటి వారం శుక్రవారం నాడు కొత్తగూడెం దిక్కు ఇంక్లైన్ బాయి నుంచి ఒకాయన సైటులో పేరు పెట్టాడు. అదే గ్రేడు, అడిగింది ఇటువైపే. దరఖాస్తుకు నెలాఖరు గడువు. శనివారం షిఫ్టు విడిచాక యిర్మియా కాగితం, పెన్ను పట్టుకుని పోశం ఇంటికొచ్చాడు.

“అన్నా, ఆ కొత్తగూడెమాయన పేరు, నంబర్ రాసుకపోత. మంగళారం ఫోన్ జేస్త.”

“కాయితమెందుకు తమ్మీ? జేబుల వెడ్తవు, సెమటకు తడుస్తది. నా మిషన్ల ఉన్నది గద, ఏడికి వోతది? భద్రం. నువ్వు ఫికర్ వెట్టుకోకు.”

యిర్మియా నమ్మి పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

ఇక్కడ పంపుల సంగతి కొంచెం చెప్పాలి. బాయి సంపు దగ్గర ఎప్పుడూ రెండు పంపులుంటాయి. ఒకటి నడుస్తుంది, రెండోది స్టాండ్‌బై. సోమవారం రాగానే నడిచేదాన్ని ఆపి స్టాండ్‌బైను నడుపుతారు. అట్లా మార్చకపోతే ఊరికే ఉన్న పంపు జామ్ అవుతుంది. తీరా నీళ్లు ముంచుకొచ్చిన రోజున అది లేవదు. రెండూ ఒకేసారి నడిపినవాణ్ణి తెలివితక్కువవాడంటారు, రెండూ ఒకేసారి అరిగిపోతాయి గనుక.

సర్వర్ వచ్చిన కొన్నాళ్లకు, యిర్మియా రాకముందే, ఒక సోమవారం పోశం దాని ముందు కూర్చుని ఒక ఘోరం గమనించాడు. రెండు డిస్కుల ముందూ పచ్చలైట్లు మినుకుమంటున్నాయి. రెండూ నడుస్తున్నాయి! దుకాణంవాడు స్టాండ్‌బై అన్నాడే! బిడ్డకు చదువుంది గానీ పంపులు తెలియవు కదా అని జాలిపడి, పిడి పట్టి ఒక డిస్కును బయటకు లాగాడు. సైటు ఆగలేదు. చూశావా అనుకున్నాడు. ఆ డిస్కును తువ్వాలలో చుట్టి బీరువాలో పడుకోబెట్టాడు. సరిగ్గా వారానికి, అంటే యిర్మియా వచ్చిపోయిన రెండో రోజు, సోమవారం పద్ధతి ప్రకారం మిషన్ ఆపి, నడిచేదాన్ని బయటకు తీసి తువ్వాలలో చుట్టి, విశ్రాంతి తీసుకున్నదాన్ని లోపల పెట్టాడు. మిషన్ హాయిగా లేచింది.

లేచింది వారం కిందటి లోకంతో. ఆ వారంలో పేర్లు పెట్టినవాళ్లెవరూ అందులో లేరు. అప్పటికే జోడి కుదిరి పేరు తీసేయించుకున్నవాళ్లు మళ్లీ ప్రత్యక్షమయ్యారు. సాయంత్రానికి ఫోన్లు మొదలయ్యాయి. సంధ్యారాణి కాలేజీ నుంచి వచ్చి తెర ముందు కూర్చుంది.

“బాపూ, పోయిన సోమారం తర్వాతి పేర్లు ఒక్కటి లేవు. దీన్ని ఎవలన్న ముట్టిండ్రా?”

నిజం చెప్పడానికి అది మంచి సమయం. పోశం నోరు కూడా తెరిచాడు. మడిచిన బిల్లు గుర్తొచ్చింది.

“కరెంటు వోయినట్టుండె బిడ్డా.”

“మన కాలనీల కరెంటు వోవుడేంది?”

“ఎక్కడ వోయింది?” అని రమ వంటింట్లోంచి అందుకుంది. “రొండు సీరియల్లు ఇడువకుంట జూసిన.”

“జర్రంతనే వోయింది. నువ్వు కండ్లు మూసి తెరిసెటాలకు వచ్చింది,” అన్నాడు పోశం. ఆయన చెవులు వేడెక్కాయి. ఇరవై ఆరేళ్ల ఎలక్ట్రీషియన్ సొంత ఇంట్లో కరెంటు మీద నేరం మోపడం అదే మొదటిసారి.

సంధ్యారాణి నమ్మింది. అదే ఆయన్ని కాల్చింది. ఆమె టీ తాగడానికి లేచి పోగానే, తప్పు తానే దిద్దుకుందామని, బీరువాలోంచి రెండో డిస్కును తెచ్చి మొదటిదాని పక్కన తోసేశాడు. రెండూ కలిస్తే పేర్లన్నీ కలుస్తాయని ఆయన ఆశ. పెట్టిన డిస్కు మీద లైటు గబగబా కొట్టుకోసాగింది. పని చేస్తున్నదని సంతోషించాడు. నిజంగానే చేస్తోంది. వారం కిందటి డిస్కులో ఉన్నదంతా ఇప్పుడు పెట్టినదాని మీద రాసి, ఆ వారాన్ని తుడిచేస్తోంది.

పొద్దున సంధ్యారాణి మిషన్ రాసుకున్న చిట్టా చదివింది. డిస్కు ఎప్పుడు తీశారో, ఎప్పుడు పెట్టారో, నిమిషాలతో సహా ఉంది. తీసిన డిస్కు అన్నాళ్లూ ఎక్కడుందోనని వెతుకుతూ ఆమె బీరువా తెరిచి, ఖాళీ తువ్వాల తెచ్చి తండ్రి ముందు పెట్టింది. మడతల్లో డిస్కు ఆకారం ఇంకా చెదరలేదు.

“పంపు లెక్కనే అనుకున్న బిడ్డా,” అన్నాడు పోశం.

“బాపూ, రొండు డిస్కులు ఒక్కటే తీర్గ రాస్తుంటయి. ఒకటి నడిసి ఒకటి పండుకునేది కాదు.” ఆమె గొంతు పెద్దది చేయలేదు. “పొన్లే, మార్చినవు. నిన్న నేనడిగినప్పుడు చెప్పినా అయిపోవు. పేర్లన్నీ గీ తువ్వాలల్నే ఉండె. దాన్ని ఒక్కదాన్నే లోపట వెడితె అన్నీ దొర్కుతుండె.”

తప్పు చేయడం వల్ల ఏమీ పోలేదని, దాచడం వల్లనే అంతా పోయిందని పోశానికి అప్పుడు తెలిసింది. అన్నం సహించలేదు. డ్యూటీకి పోతే యిర్మియా ఎదురొచ్చాడు.

“అన్నా, నంబర్?”

పోశం తల వంచుకుని అంతా చెప్పాడు, కరెంటు అబద్ధంతో సహా. యిర్మియా టోపీ దీపం వైరు సర్దుకున్నాడు.

“కానియ్యన్నా. నువ్వు గావాలని జెయ్యలేదు గద. పాపకు ఈసారి వస్తనని చెప్పిన, మల్లోసారి చెప్త.”

తిట్టి ఉంటే పోశం తిరిగి ఒక మాట అని తేలికపడేవాడు. ఆ మాట తర్వాత ఆయనకు మిగిలింది లీవు పెట్టడం ఒక్కటే. ఆ కొత్తగూడెమాయన పేరు సంధ్యారాణికీ గుర్తు లేదు, కొత్తగూడెం దిక్కు ఇంక్లైన్ బాయి అన్నంతవరకే గుర్తుంది. మర్నాడు పోశం ప్యాసింజర్ రైలెక్కి కొత్తగూడెం పోయాడు. మొదటి బాయి గేటు దగ్గర అడిగితే ఎవరూ లేరన్నారు. అటు మర్నాడు రెండో బాయికి, ఫస్ట్ షిఫ్టు విడిచే వేళకు చేరుకున్నాడు. మసి మొహాలతో మనుషులు పైకొస్తున్నారు. పోశం దారికడ్డంగా నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

“అన్నలారా, ఒక్క మాట! జోడి అని మా ఇంటి కంప్యూటర్ల మ్యూచువల్‌కు గోదావరిఖని అడిగినాయన మీల ఎవలన్న ఉన్నరా?”

“ఎందుకే? నీదగ్గరుండాలె గద పేరు?” అన్నాడొకడు.

“ఉండె. కంప్యూటర్ల జర సమస్య వచ్చి...” అని మొదలుపెట్టి, పోశం ఆగాడు. తువ్వాల కళ్ల ముందు కదిలింది. “సమస్య గాదు. నేనే. రొండు డిస్కులుంటే, ఒకటి స్టాండ్‌బై అనుకుని సోమారం సోమారం మార్చిన. పేర్లన్నీ వోయినయి. బిడ్డ అడిగితె కరెంటు వోయిందని అబద్ధమాడిన.”

నలభై మంది నిలబడి చూశారు. ఒక్కడికీ నవ్వు రాలేదు. పోశానికి భూమి మీద కంటే లోపల పనే నయమనిపించింది. అప్పుడు వెనక నుంచి బుచ్చన్న అనే పెద్ద వయసు పంపు ఆపరేటర్ ముందుకొచ్చి, అందరినీ కోపంగా చూశాడు.

“అండ్ల తప్పేమున్నదిరా? మార్చక ఎట్ల మరి? స్టాండ్‌బై ఊకె వెడితె జామ్ గాదా?”

అప్పుడు పేలింది నవ్వు. టైం ఆఫీసులో గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టి మరీ నవ్వాడు. తన వైపు మాట్లాడిన ఆ ఒక్క మనిషి వల్లే పోశం ఎక్కువ సిగ్గుపడ్డాడు. బుచ్చన్న మాత్రం నవ్వలేదు, ఎందుకు నవ్వుతున్నారో అతనికి నిజంగా అర్థం కాలేదు.

ఆ నవ్వుల్లోంచే ఒకాయన కళ్లు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. “నేనేనే ఆగయ్యను. మాది మంథని పక్కన. శుక్రారం పెట్టిన పేరు. ఫోన్ రాకపాయె, ఇంకోలు దొర్కిన్రేమో అనుకున్న. రేపు మీ దిక్కు పనిజేసే ఇల్లందాయనకు మాటిద్దునే, ఒక్క రోజు ఆలిషమైతే.”

పోశం ఆగయ్య పేరు, నంబరు రాసుకున్నాడు. కాగితం మీద ఒకసారి, అరచేతిలో ఒకసారి.

దరఖాస్తులు గడువుకు ముందే పడ్డాయి. ఎండాకాలంలో యిర్మియా ట్రంకుపెట్టె లారీలో వేసుకుని కొత్తగూడెం పోయాడు. పోయే ముందు పోశం చేతులు పట్టుకుంటే, పోశం ఆ చేతుల వైపు చూడలేకపోయాడు. పోశం కొత్తగూడెం నుంచి తిరిగి రాకముందే కథ ప్యాసింజర్ ఎక్కి వచ్చేసింది. బాయిలో, బస్టాండులో, కూరగాయల బండి దగ్గర, ఆయన పేరు స్టాండ్‌బై పోశం అయింది. “ఏమే స్టాండ్‌బై, ఇయ్యాల నువ్వు నడుస్తున్నవా, పండుకుంటున్నవా?” అని పలకరించేవాళ్లు. ఇంట్లో రమ కూడా ఊరుకోలేదు. “నాక్కూడ సోమారం సెలవియ్యరాదుండ్రి,” అనేది. ఆయన దారి మార్చుకునేవాడు.

సంధ్యారాణి మిషన్‌కు మెమొరీ రెట్టింపు చేయించింది, పేర్లన్నీ బంకర్‌లో పట్టాయి, ఆయాసం పోయింది. మూడో డిస్కు కూడా ఒకటి తెప్పించి తండ్రి చేతికిచ్చింది.

“బాపూ, సోమారం సోమారం అన్ని పేర్లు దీన్ల నకలు తీసి బీరువాల వెట్టు. గీ పని నీదే.”

ఆమె వెక్కిరిస్తోందేమోనని పోశం మొహంలోకి చూశాడు. వెక్కిరింత లేదు. కొత్త తువ్వాల ఒకటి కొన్నాడు.

పోయిన ఆ వారం పేర్లు మొత్తం ముప్పై ఏడు. రిజిస్టర్ పెట్టుకుని, ఎవరెవరినో అడిగి, ఇల్లిల్లూ తిరిగి, ప్రతి గడపలోనూ కథ మొదటి నుంచి చెప్పి, ఒక్కొక్కటే ఎక్కించాడు. కొందరు చాయ్ పోశారు, కొందరు మళ్లీ చెప్పమన్నారు. సంధ్యారాణి అదే జాబితాను ఫోన్ల మీద సంపాదించి తానూ ఎక్కించింది. పేరు రెండుసార్లు పడ్డచోట ఒకటి తీసేయమంది. ఆ ఒక్క పనికీ ఆయన చేయి ముందుకు రాలేదు. ఆ మిషన్‌లోంచి ఏదైనా తీయడమంటేనే ఆయనకు భయం.

వానాకాలంలో కొత్తగూడెం నుంచి బుచ్చన్న ఫోన్ చేశాడు. తాను కూడా ఇటు రావాలని అంతకు ముందే పేరు పెట్టించాడు. ఫోన్‌లో పోశానికి చెప్పిందొకసారి, నమ్మకం చాలక నెట్ సెంటర్‌లో పెట్టించుకున్నది ఇంకోసారి. ఇప్పుడు అతని గొంతులో కోపం ఉంది.

“ఏందే పోశం గిది? మీ లిస్టుల నా పేరు రొండుసార్లు వడ్డది. పొద్దుగాల ఒకడు, మాపటికి ఒకడు, ఫోన్లు ఎత్తలేక సస్తున్న. ఒక్క మనిషికి రొండు పేర్లెందుకే?”

పోశం చెవులు మళ్లీ వేడెక్కాయి. పక్కనే ఉన్న సంధ్యారాణి వైపు ఒకసారి, బీరువా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

“ఒకటి స్టాండ్‌బై, బుచ్చన్నా.”